మట్టిముద్దతో సహా

పొయ్యి మీద కాఫీ పొంగకముందే అమ్మమ్మకి ఆ రోజు మొదటి లాభం వచ్చేసింది.

“పిడుగూ, ఇలా రా! కంపౌండరు మొగ్గ తొడిగాడే!”

పళ్లు తోముకుంటున్న మనవరాలు నోట్లో నురగతోనే పెరట్లోకి పరుగెత్తింది. కంపౌండరంటే మనిషి కాదు, గులాబీ చెట్టు. వీధి మలుపులో ఉండే కంపౌండరు ఊరు మారి వెళ్లిపోతున్న రోజున అమ్మమ్మ సామాన్ల బండికి అడ్డంపడి మరీ అడిగి తెచ్చుకున్న కొమ్మ అది. ఆ ఇల్లున్న చోట ఇప్పుడు ఫోన్లు బాగుచేసే షాపుంది. వీధిలో ఎవరు ఇల్లు ఖాళీ చేసినా, ఎవరి ప్రహరీ కూలుస్తున్నా అమ్మమ్మ చిన్న పార పట్టుకుని అక్కడ ప్రత్యక్షమయ్యేది. “ఇటుకలు మీరు పట్టుకుపోండి బాబూ, నాకు కొమ్మ చాలు,” అనేది. అలా ఆ పెరట్లో దర్జీగారి భార్య మల్లె, బ్యాండు మాస్టారి నిమ్మ, ఎప్పుడో మూతబడ్డ బడి నుంచి తెచ్చిన లిల్లీలు అన్నీ ఇరుగుపొరుగుగా సర్దుకుని బతుకుతున్నాయి.

నీళ్లు పోసేటప్పుడు ఒక్కో పాదు దగ్గరా ఒక్కో కథ ఉండాల్సిందే. “బ్యాండు మాస్టారు క్లారినెట్ ఎత్తగానే వీధి కుక్కలన్నీ శ్రుతి కలిపేవే. ఆయన ఒక్కరోజూ విసుక్కోలేదు. ‘వాటికీ సాధన కావాలి కదండీ’ అనేవారు,” అని చెప్పి, తను చెప్పినదానికి తనే ముందుగా నవ్వేది. పిడుగు ఆ కథ ఎన్నిసార్లు విన్నా కుక్కల దగ్గరికొచ్చేసరికి తనూ మొరిగేది.

రాత్రి భోజనాల దగ్గర ప్రతివాళ్లూ ఆనాటి లాభం ఒకటి చెప్పాలని అమ్మమ్మ పెట్టిన చట్టం. మొగ్గ వేసినా లాభమే, పిడుగు పన్ను ఊడినా లాభమే, పాత పరిచయస్థులు గేటు దగ్గర ఆగి పలకరించినా లాభమే. కూతురు ఒక్కతే పెదవి విరిచేది. ఆవిడ ఫిజియోథెరపిస్టు. ఊరికి ఆ చివరున్న ఆసుపత్రిలో పని. “బస్సులో సీటు దొరికితే అదే నాకు లాభం. అదీ దొరకలేదు,” అని చేయి కడుక్కోవడానికి లేచిపోయేది.

ఆ ఉదయం అందరూ ఎవరి పనులకు వాళ్లు వెళ్లాక మేస్త్రీ వచ్చాడు. సాయంత్రం రమ్మంటే పొద్దున్నే ఊడిపడ్డాడు. వెనక గోడ నెర్రెలిచ్చిందనీ, దాన్ని చూడటానికి మేస్త్రీ వస్తాడనీ అల్లుడు ముందే చెప్పి ఉంచాడు కాబట్టి అమ్మమ్మ గేటు తీసింది. అతను మాత్రం గోడ వైపు చూడనైనా చూడలేదు. టేపు లాగి, దర్జీగారి మల్లె నుంచి నిమ్మ దాకా కొలిచాడు.

“ఇంత గది వస్తుందమ్మా. తలుపు సందులోకి పెడదాం, రోగులు ఇంట్లోంచి రానక్కర్లేదు. ఈ చెట్లన్నీ మీరు కొట్టిస్తారా, మా వాళ్లను కొట్టేయమంటారా?”

అమ్మమ్మ “కాఫీ తాగి వెళ్లు నాయనా,” అని మాత్రం అంది. అతను తాగి వెళ్లిపోయాక పెరటి గట్టు మీద కూర్చుంది. ఆ పూట మొక్కలకు నీళ్లు పోయడం కూడా మర్చిపోయింది.

కూతురు ఇల్లు చేరేసరికి వీధి దీపాలు వెలిగాయి. కంచాల ముందు కూర్చోగానే పిడుగు అలవాటుగా అడిగింది.

“అమ్మమ్మా, ఇవాళ్టి లాభం?”

“ఇవాళ నష్టమే తల్లీ. మేస్త్రీ వచ్చాడు.”

కూతురి చేతిలో గరిటె ఆగిపోయింది. అల్లుడు కారు నడపడం నేర్పే మాస్టారు. ప్రమాదం ఎదురొస్తోందనిపిస్తే చాలు, ఎక్కడ కూర్చున్నా ఆయన కుడికాలు బ్రేకు కోసం నేలను నొక్కేస్తుంది. ఇప్పుడూ నొక్కేసింది గానీ బండి ఆగలేదు.

“అత్తయ్యగారూ, మేమే మీతో చెబుదామనుకుంటూ...”

“గోడ నెర్రెలిచ్చిందన్నారు. వెళ్లి చూస్తే రాయిలా ఉంది. నెర్రెలిచ్చింది గోడ కాదు బాబూ.”

“చెబితే ఒప్పుకుంటావా అమ్మా?” కూతురు గరిటె కింద పెట్టేసింది.

“అడిగితే కదా తెలిసేది!”

“ఏమని అడగను? బట్టలు ఆరేసే తీగకు అడ్డమొచ్చిందని మల్లె కొమ్మ ఒక్కటి కోశానని వారం రోజులు నాతో మాట్లాడలేదు నువ్వు. అలాంటిది పెరడంతా అడగనా?” ఆవిడ గొంతు పెరిగింది. “రెండు బస్సులు మారి వెళ్తున్నా. పొద్దస్తమానం నిలబడి ఒకళ్ల మోకాళ్లు వంచి, ఒకళ్ల నడుములు సరిచేసి వస్తున్నా. వచ్చేసరికి పిల్ల సగం నిద్రలో ఉంటుంది. ఇంట్లోనే ఒక గది ఉంటే మన చుట్టుపక్కల వాళ్లే నాకు చాలు. దీని కబుర్లు వింటాను. నీ కళ్లముందే ఉంటాను. అది కోరుకోవడం తప్పా?”

“తప్పని నేనన్నానా?”

“ఏ మొక్క వాడిందో నీకు గుమ్మంలోంచే తెలిసిపోతుంది కదమ్మా! నా కాళ్లు వాచిపోతున్నాయని ఎప్పుడైనా తెలిసిందా నీకు?”

అనేశాక కూతురే బిక్కచచ్చిపోయింది. పిడుగు ఏడుపు లంకించుకుంది. అమ్మమ్మ వంగి కూతురి పాదాల వైపు చూసింది. చెప్పులు విప్పి ఇంతసేపైనా పట్టీ అచ్చు ఇంకా లోతుగా దిగబడే ఉంది. చుట్టూ చర్మం ఉబ్బి మెరుస్తోంది. ఇంట్లో రోజూ తిరిగే పాదాలే. అమ్మమ్మ కంచం పక్కకు జరిపేసింది.

మర్నాడు పెరట్లో పార చప్పుడుకి కూతురికి మెలకువ వచ్చింది. చూస్తే అమ్మమ్మ ముక్కాలిపీట వేసుకుని తవ్వేస్తోంది. లిల్లీలు అప్పటికే బయటికి వచ్చేశాయి.

“అమ్మా! కోపంతో పీకేస్తున్నావా? వద్దమ్మా, ఆగు! నాకు గదీ వద్దు, ఏమీ వద్దు!”

“కోపంతో పీకితే వేర్లు తెగుతాయే పిచ్చిదానా. సరిగ్గా చూడు.”

కూతురు దగ్గరికెళ్లి చూసింది. ఒక్కో మొక్కా వేరు తెగకుండా మట్టిముద్దతో సహా లేచింది. ప్రతి ముద్దకూ తడి గోనెగుడ్డ చుట్టి ఉంది. ఆ గుడ్డల్లో అమ్మమ్మ పాత చీర ముక్కలు కూడా ఉన్నాయి.

“ఎక్కడికి ఇవన్నీ?”

“ఎవరివి వాళ్లకి. కొమ్మ అడిగి తెచ్చుకున్నాను, చెట్టు చేసి ఇచ్చేస్తాను. ఇన్నాళ్లూ వీధినంతా తెచ్చి నా పెరట్లో దాచుకున్నా. ఇక వీధిలోనే ఉండనీ.” పార పక్కన పెట్టి కూతురి చేయి పట్టుకుంది. “నిన్న నువ్వన్నది నిజమేనే. మొక్క నోరు తెరిచి అడగదు కదా అని దాన్ని కనిపెట్టుకుని ఉన్నాను. నీకు నోరుంది కదా, కావలిస్తే అడుగుతావులే అనుకున్నాను. నువ్వూ నాలాంటిదానివేనని మర్చిపోయాను. చస్తే అడగవు.”

“నేనూ నీకు చెప్పకుండా తప్పు చేశానమ్మా,” అంటూ కూతురు ఆ మట్టిలోనే కూలబడి తల్లి ఒళ్లో తల పెట్టుకుంది. ఇద్దరూ కాసేపు ఏడ్చారు. తర్వాత ఆవిడ ఆసుపత్రికి ఫోన్ చేసి సెలవు పెట్టి, కొంగు బిగించింది.

చెట్ల ఊరేగింపు అల్లుడి కారులోనే జరిగింది. నెత్తిన ‘నేర్చుకుంటున్నారు, దూరంగా ఉండండి’ అనే బోర్డు, కిటికీలోంచి బయటికి తొంగిచూస్తూ నిమ్మ కొమ్మలు. వీధంతా గుమ్మాల్లోకి వచ్చి నవ్వింది. ఫోన్ల షాపతను గులాబీ ఎందుకండీ అని నసిగితే, “ఇక్కడ నీకంటే ముందున్నవాడే, కాస్త చోటియ్యి,” అంది అమ్మమ్మ. అతను తనే గొయ్యి తవ్వాడు. దర్జీగారి కొడుకు మల్లెను గుండెకు హత్తుకుని అలాగే నిలబడిపోయాడు. “మా అమ్మ మిషను పక్కన కిటికీలోంచి ఈ వాసనే వచ్చేదండీ. అమ్మతోనే పోయిందనుకున్నాను,” అన్నాడు. అమ్మమ్మ అతని వీపు నిమిరింది. బ్యాండు మాస్టారు ఇప్పుడుండే వాటాలో పిడికెడు మట్టి లేదు. అందుకని ఆయన నిమ్మనూ, బడి మూతబడ్డ లిల్లీలనూ వీధి చివర గ్రంథాలయం ఆవరణలో నాటారు.

వానలు వెళ్లేసరికి గది లేచింది. కూతురు ఆసుపత్రి మానేసి ఇంట్లోనే పని మొదలుపెట్టింది. మోకాలి ఆపరేషనైన బ్యాండు మాస్టారు వచ్చారు కానీ, నడవమంటే కుర్చీ వదలనన్నారు. “ఎక్కడికెళ్లాలని నడవనమ్మా?” అన్నది ఆయన వాదన.

“మీ నిమ్మ పూతకొచ్చిందో లేదో చూసొచ్చి చెప్పండి. నాకు తీరిక లేదు,” అంది గుమ్మంలోంచి అమ్మమ్మ. ఆయన గొణుక్కుంటూనే లేచారు. ఆ రోజు ఫోన్ల షాపు దాకా వెళ్లి వెనక్కి వచ్చారు. కొన్నాళ్లకు నిమ్మ దాకా వెళ్లారు. అప్పటినుంచి కూతురు చీటీల మీద ‘వంద అడుగులు’ అని రాయడం మానేసింది. ఒకరికి ‘గులాబీ దాకా’, ఇంకొకరికి ‘మల్లె దాకా’ అని రాస్తోంది. తోడుగా అమ్మమ్మ, ఆవిడ చిటికెన వేలు పట్టుకుని పిడుగు. దారి పొడవునా కథలు చెబుతారు. కుక్కల దగ్గర పిడుగు మొరుగుతుంది.

ఒక సాయంత్రం ఆఖరి మనిషి వెళ్లిపోయాక అమ్మమ్మ ఆ గదిలోకి వచ్చింది.

“బల్ల మీద కూర్చో.”

“ఎందుకమ్మా?”

“కూర్చోమన్నానా!”

కూతురు కూర్చుంది. అమ్మమ్మ ముక్కాలిపీట లాక్కుని, ఆవిడ పాదాలు రెండూ తన ఒళ్లోకి తీసుకుంది. పట్టీ అచ్చులు మానిపోయాయి. అయినా బొటనవేలితో అరికాలు మెల్లగా ఒత్తసాగింది. ఎప్పుడూ మట్టిలో ఉండే చేతులు, గరుగ్గా ఉన్నాయి.

“నొప్పా?”

“లేదమ్మా.”

“ఉంటే చెప్పు. నాకు చెబితేనే తెలుస్తుంది.”

“చెబుతాలే.”

వంటింట్లోంచి కంచాలు పెడుతున్న చప్పుడుతో పాటు పిడుగు కేక వినిపించింది. “అమ్మా! ఇవాళ్టి లాభం ముందు నువ్వే చెప్పాలి!”

కూతురు చెప్పబోయింది. అంతలోనే ఆగి తల్లి తల మీద చేయి వేసింది.

“దానికి చెప్పడానికి వేరే ఏదైనా చూసుకో,” అంది అమ్మమ్మ తల ఎత్తకుండా. “ఇది నా లాభం. నేను చెప్పుకుంటాను.”