మూడిళ్ళ సందు

పాతపేటలో సందుల పేర్లూ వర్ణనలూ రిజిస్టరుకెక్కించడం గుమాస్తా పని. కొలతకి ఇద్దరు కావాలి. టేపు డబ్బా పట్టుకుని గుమాస్తా సందు మొదట్లో నిలబడతాడు. కొస పట్టుకుని అతని బావ, అంటే భార్య అన్న, లోపలికి నడుస్తాడు. ఆ సందులన్నీ వంకర టింకరే, మలుపు తిరిగితే ఒకరికొకరు కనబడరు. అందుకే చివరికి చేరగానే టేపుని రెండుసార్లు లాగాలి.

"అన్నయ్యకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ తిప్పకండి," అని పొద్దున్నే భార్య మరీ మరీ చెప్పింది. పుట్టింటివైపు ఆవిడకి మిగిలింది ఆ ఒక్కడే.

మిట్టమధ్యాహ్నానికి మూడిళ్ళ సందు దగ్గరికొచ్చారు. గుమాస్తా లోపలికి తొంగి చూడనైనా లేదు. ఎలా చూస్తాడు మరి? పోయినేడాది ఇందులో అడుగైనా పెట్టకుండా, టీ కొట్లో కూర్చుని, "పొడవు ముప్పై మీటర్లు, ఇళ్ళు లేవు" అని గిలికి పారేసిన మహానుభావుడు ఇతనే! మూడిళ్ళున్నాయని సందు పేరే మొత్తుకుంటున్నా చెవికెక్కలేదు. ఆ రాత నమ్మి బుల్డోజర్ వచ్చింది. అన్నాలు తిని నడుం వాల్చిన ఆరుగురు ఇటుకల కింద నలిగిపోయారు. తర్వాత ఆఫీసువాళ్ళు ఆ ముప్పై మీటర్ల దగ్గరే అడ్డంగా గోడ కట్టేసి, మళ్ళీ కొలవమన్నారు. ఈ సంగతి బావకి చెప్పలేదు.

"నేను తప్పిపోతే మా చెల్లెలు నిన్ను బతకనివ్వదు బావా," అని నవ్వుకుంటూ బావ మలుపు తిరిగాడు.

టేపు సర్రున సాగింది. లోపల్నుంచి తడి సున్నం వాసన, దాని వెనకే కుళ్ళు కంపు. ముప్పై. రెండు లాగులు. హమ్మయ్య!

టేపు మళ్ళీ కదిలింది. ముప్పై రెండు... ముప్పై ఐదు...

"బావా! గోడ దగ్గర ఆగు!"

"గోడేదీ?" గుసగుసగా వచ్చింది జవాబు. "తలుపుంది... ఎవరో ముసలమ్మ రమ్మంటోంది..."

తర్వాత గావుకేక. ఎముక విరిగిన చప్పుడు.

టేపుని అవతల ఎవరో గుంజారు. గుమాస్తా అరచేతులు ఎముకదాకా తెగాయి. అయినా వదల్లేదు. వదిలితే ఇంటికెళ్ళి ఆవిడకేం చెప్పాలి దేవుడా! కాలు సందు పక్కగోడకి తన్నిపెట్టి లాగాడు. అవతల పటపటా కొరుకుతున్న శబ్దం... ఒకరు కాదు, చాలామంది...

టక్కున వదులైంది. నెత్తురోడుతూ టేపు వెనక్కొచ్చింది. కొసని ఇంకా గట్టిగా పట్టుకునే ఉన్నాయి నాలుగు వేళ్ళు. వాటిలో ఒకదానికి బావ వెండి ఉంగరం.

లోపలికి పరుగెత్తాడు. ముప్పై మీటర్ల దగ్గర గోడ. చిన్న పగులు లేదు. నెత్తుటి చుక్క లేదు. పిడికిళ్ళు చితికేలా బాదాడు.

వేళ్ళని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుని ఇల్లు చేరాడు. అంతా చెప్పేసి కాళ్ళ మీద పడదామనుకున్నాడు. భార్య తలుపు తీసింది.

"ఇంతసేపా? అన్నయ్య వచ్చి గంటైంది. పెరట్లో ఒక్క చెయ్యే తెగ కడుక్కుంటున్నాడు." ఆవిడ గొంతు తగ్గించింది. "వెంట ఆరుగురిని తెచ్చాడు. అందరి ఒంటినిండా ఇటుక దుమ్మే. వాళ్ళలో ఓ ముసలమ్మ ఒకటే అడుగుతోంది... మనిల్లు మీ రిజిస్టరులో ఉందా అని."