ఫోన్‌లో ఆగిపోయిన చెయ్యి

“సారూ, నీ యాప్‌ల నా బ్లౌజు ఫోటో తెరుసుకునేలోపు గిరాకీ వనపర్తి పోయి, కుట్టించుకొని, ఇంటికొస్తాంది!”

అల్మాస్ డానిష్‌తో అన్న మొదటి మాట ఇది. ఆత్మకూర్ బస్టాండు పక్కన ఆమెది టైలరింగ్ షాపు, వెనకే ఇల్లు. డానిష్‌ది నకిరేకల్. వీడియోలు చూసి నేర్చుకుని చిన్న ఊళ్ల టైలర్ల కోసం యాప్ తయారుచేశాడు. షాపులను చేర్పించడానికి వచ్చి తిట్లు తిన్నాడు.

తిట్టు న్యాయమైనదే. పట్నంలో కూర్చుని యాప్‌లు రాసేవాళ్లకు ఒక్క గీత సిగ్నల్‌తో బతకడమంటే ఏమిటో తెలియదు. కొండంత ఫోటోను అట్లాగే పంపిస్తారు. వాళ్లను చూసి నేర్చుకున్న డానిష్ కూడా అదే గాడిద పని చేశాడు.

రెండు రోజులు ఆమె షాపు ముందు బల్ల మీద కూర్చుని సరిచేశాడు. ఫోటోలను చిన్నవి చేశాడు. ఒకసారి దిగిన ఫోటో ఫోన్‌లోనే ఉండిపోయేట్టు రాశాడు.

“ఇగ ఫికర్ లేదు. ఒక్కసారి వస్తే సాలు, ఫోన్ల దాస్కుంటది. మల్ల నెట్‌ను అడగది.”

“నీ ఫోన్‌కైన బుద్ధున్నది, నీకే లేదు. పొద్దటిసంది నా దిక్కే చూస్తున్నవు.”

వాన మొదలైంది. రేకు మీద చప్పుడుకు ధైర్యం వచ్చిందో ఏమో, అడిగేశాడు.

“నన్ను నిఖా చేసుకుంటవా?”

మిషన్ ఆగింది.

“అబ్బాను అడగాలె. ఫోన్ చెయ్యకు, నా ఫోన్ ఇంట్ల అందరి చేతులల్ల తిరుగుతది. యాప్‌ల నా షాపు ఫోటో చూస్కుంట ఉండు.” ఆ ఫోటోలో కుట్టుమిషన్ మీద ఆమె ఒట్టి చెయ్యి ఉంటుంది. “గా చేతికి మెహందీ కనవడితే సరే అన్నట్టు. మీ అమ్మీని తోలుకొని రా.”

డానిష్ నకిరేకల్ వచ్చాడు. పళ్లు తోముకోకముందే యాప్ తెరిచేవాడు. ఒట్టి చెయ్యి. బత్తాయి లారీల మధ్య చాయ్ తాగుతూ తెరిచేవాడు. ఒట్టి చెయ్యి. చూపుడు వేలి మీద సూది గుచ్చుకున్న మచ్చ కూడా కంఠతా వచ్చేసింది. ఫోటో రెప్పపాటులో వచ్చేది. అంత వేగంగా ‘కాదు’ అని చెప్పే యంత్రాన్ని తన చేతులతోనే తయారుచేసుకున్నాడు. వాన పడితే లోపలికి పోయి కూర్చునేవాడు.

రెండు నెలలు గడిచాయి. అమ్మీ హుస్సేన్ బీకి కొత్త ఫోన్ కొని, అందులో తన యాప్ వేసి ఇచ్చాడు.

“అరే డానిష్, గీ పిల్ల చేతికి మెహందీ ఎంత మంచిగ పండింది!”

ఫోన్ గుంజుకున్నాడు. అమ్మీ ఫోన్‌లో ఎర్రటి చెయ్యి. తన ఫోన్‌లో ఒట్టి చెయ్యి. అదే షాపు.

కొత్త ఫోటో పాతదాని పేరుతోనే చేరింది. ఆ పేరుతో ఫోటో తన దగ్గర ఉంది కదా అని ఫోన్ మళ్లీ అడగనేలేదు. అడగొద్దని రాసింది తనే. ఆమె ఫోటో మార్చిన తేదీ చూశాడు. తను నకిరేకల్ తిరిగొచ్చిన నాలుగో రోజు.

“అమ్మీ, బుర్ఖా ఏస్కో. ఆత్మకూర్ పోవాలె.”

“పొయ్యి మీద అన్నమున్నది రా!”

“దించు.”

మూడు బస్సులు మారారు. దారిలో అమ్మీకి అంతా చెప్పాడు. షాపులో అల్మాస్ మిషన్ మీంచి తల ఎత్తలేదు.

“ఏం కుట్టాలె?”

“నా ఫోన్ పాత ఫోటోనే చూపెట్టింది. తప్పు నాదే.”

“ఫోన్ అడగకపోతే నువ్వన్న రావద్దా? బస్సులు బందైనయా?” అంది అల్మాస్. “భువనగిరి నుంచి సంబంధమొచ్చింది. మెహందీ పోయేదాక ఆగు అబ్బా అని నేనే చెప్పిన.”

డానిష్ ఆమె చేతులు చూశాడు. తెల్లగా కడిగినట్టున్నాయి.

“పోయింది గదా…”

“గుడ్డోడా, గోళ్లు చూడు.”

గోళ్ల సగం మీద ఇంకా ఎరుపు ఉంది.

“అబ్బా రోజు అడుగుతడు, పోయిందా అని. రోజు గివ్వే చూపెడుతున్న.”

హుస్సేన్ బీ ముందుకొచ్చి ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది. “గీసారి మెహందీ మా ఇంటి నుంచి వస్తది బేటీ. మీ అబ్బా ఏడున్నడు?” అని చెప్పులు విడిచి లోపలికి నడిచింది.

డానిష్ జేబులోంచి ఫోన్ తీయబోయాడు.

“ఫోటో వద్దు,” అంది అల్మాస్. “కండ్లతోని చూడు.”