చెంచాతో పోసిన టీ

"అన్నని టీలో విషం కలిపి నేనే చంపానని నా మీద నింద వేస్తోంది సార్, మా వదిన. రేపు పోలీసుల దగ్గరికి పోతానంటోంది."

కుర్చీలకీ సోఫాలకీ సీట్లు కుట్టే ఆ తమ్ముడు డిటెక్టివ్ గదిలోకి వస్తూనే అన్నాడు. అసిస్టెంటు అందించిన మంచినీళ్ళు సగం చొక్కా మీదే ఒలికాయి.

గంటలో ముగ్గురూ ఆ ఇంట్లో ఉన్నారు. కింద దుకాణంలో, గుర్రపుశాల నుంచి మరమ్మతుకొచ్చిన బెంచీ కడుపు చీల్చుకుని పడి ఉంది. పై గదిలో అన్న పోయిన మంచాన్ని వదిన ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. దుప్పటి తల దగ్గరా మడమల దగ్గరా నలిగిపోయి, నడుమంతా సాపుగా ఉంది.

"విల్లులా వంగిపోయారు," అంది వదిన. "కింద వీడు సుత్తి దెబ్బ వేసినప్పుడల్లా ఎగిరిపడేవారు. పళ్ళు బయటపెట్టి ఒకటే నవ్వు. కళ్ళు మూసుకున్నా ఆ నవ్వు పోవట్లేదు నాకు. చివర్లో వచ్చిన డాక్టరు చేతులూ కాళ్ళూ వెతికి గీతైనా లేదన్నాడు. విషం కాక మరేంటి?"

"టీ ఇచ్చింది నువ్వేనా?" డిటెక్టివ్ తమ్ముణ్ణి అడిగాడు.

"చెంచాతో పోశాను సార్. అప్పటికి రెండ్రోజులుగా నోరు తెరుచుకోవట్లేదు."

"పన్ను పీకించుకున్నారు, ఆ వాపేలే అనుకున్నాం," అంది వదిన. "మర్నాడే కింద ఆ బెంచీ పనిలో కూర్చున్నారు. చెబితే వినే రకమా!"

డిటెక్టివ్ అందర్నీ కిందికి తీసుకెళ్ళాడు. "ఈ బెంచీకి మేకులు కొట్టి చూపించు."

తమ్ముడు బెంచీ నుంచి ఊడదీసిన చిన్న మేకుల్ని గుప్పెడు నోట్లో పోసుకున్నాడు. ఒక్కొక్కటే పెదాల మీదికి తెచ్చి టకటకా కొట్టసాగాడు.

"ఉమ్మెయ్!"

డిటెక్టివ్ కేకకి అసిస్టెంటు కూడా ఉలిక్కిపడ్డాడు. డిటెక్టివ్ వదిననీ మరిదినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాడు.

"టీ తాగకముందే నోరు బిగిసింది. విషం వెనక్కి నడవదమ్మా. ఇది ధనుర్వాతం. దాని బీజం మట్టిలో, గుర్రాల పేడలో ఏళ్ళ తరబడి బతుకుతుంది. మీ ఆయనా ఇలాగే నోట్లో పోసుకున్న ఈ పాత మేకులతో పాటు పన్ను పీకిన పుండులోకి పోయింది. డాక్టరు వెతికిన చోట గాయం లేదు."

"ఆయనకి చిన్నప్పుడు టీకా వేయించారుగా!" అంది వదిన.

"పదేళ్ళకోసారి మళ్ళీ వేయించాలి. మనలో ఎవరు వేయించుకున్నాం?"

"నేనూ వేయించుకోలేదు," అన్నాడు అసిస్టెంటు.

వదిన ఆ బెంచీ వైపు చూసింది. "నోరు బిగిసిన మొదటిరోజే ఆసుపత్రికి తీసుకెళ్ళుంటే?"

డిటెక్టివ్ అబద్ధమాడలేదు. "బతికే వీలుండేది."

"పంటి నొప్పికి ఆసుపత్రేంటన్నది నేనే..." ఆమె కుర్చీ దిగి నేల మీద కూర్చుంది.

మరిది వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నువ్వన్నావు. నేను ఔనన్నాను వదినా."