బీగం వేసిన ఇంట్లో వేడినీళ్ళు

బాగలూరికి ఇవతల, రోజాతోటల మధ్య ఒక పల్లె. ఆ పల్లెలో ఒక వీధి మలుపు, ఆ మలుపులో బీగం వేసిన పెంకుటిల్లు. పోయిన చలికాలం తెల్లారకముందు ఆ ఇంటి ముందు ఒంటరిగా నడిచిన మగవాడు లేడు. పాలు పోసే అతను బండి తిప్పుకుని వెనక పొలాల మీదుగా పోయేవాడు. పూలు కొయ్యడానికి పోయే ఆడవాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, పక్కకి చూడకుండా దాటేవాళ్ళు.

ఎందుకంటే... ఆ ఇంట్లో ఎవరో స్నానం చేస్తారు.

వాకిలి బీగం వేసినట్టే ఉంటుంది. లోపల దీపం ఉండదు. కానీ మంచు దట్టంగా దిగిన వేళ, ఇంటి వెనక నీళ్ళు పోసుకునే బచ్చలింటి పెంకుల సందుల్లోంచి సన్నగా పొగ లేస్తుంది. కట్టెలు చిటపటమంటాయి. కాసేపటికి రాతి మీద నీళ్ళు పడిన చప్పుడు. ఒక చెంబు... ఆగి, ఇంకో చెంబు. మధ్యమధ్య ఎవరో గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నట్టుంటుంది.

"నిప్పు లేందే పొగొస్తుందా?" అని ఈ మాట మొదట వీధిలో వేసింది ఎదురింటి నంజమ్మ. దెయ్యానికి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు గానీ, నంజమ్మ నాలుకకి ముందూ లేదు, వెనకా లేదు. ఆమె చెవిన పడిన మాట పొద్దెక్కేలోపల జూజువాడి చెక్‌పోస్టు దాటి పక్క రాష్ట్రానికి పోతుంది.

"మునిలక్ష్మమ్మే! ఇంకెవురుంటారు? పొద్దన్నే నీళ్ళు కాగబెట్టే అలవాటు సచ్చినా పోలేదు ఆ యమ్మకి."

ఈ మాట వినబడినప్పుడల్లా రేణు తల దించుకుని గబగబా దాటిపోయేది. ఆ ఇల్లు ఆమెదే. ఆ మునిలక్ష్మమ్మ ఆమె అత్త.

దీపావళి అయిన వారానికి, ఎడతెగని వానలో, రాత్రి అన్నం తిని పడుకున్న మునిలక్ష్మమ్మ గుండె పట్టుకుని లేచి కూర్చుంది. తెల్లారేసరికి లేదు. పంచాంగం చూసిన అయ్యవారు నక్షత్రం మంచిది కాదన్నాడు. ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలి, దీపం పెట్టకూడదు, పొయ్యి ముట్టించకూడదు, మీరితే ఆ ఇంట్లో ఇంకో ప్రాణం పోతుందన్నాడు. అంతటి మాట విన్నాక ఎవరుంటారు? కర్మాంతరాలు కాగానే రేణు, ఆమె భర్త అనంతకుమార్, మామ గుర్రప్ప కాసిన్ని గిన్నెలు, గుడ్డలు తీసుకుని వీధి చివర రెండు గదుల అద్దె ఇంటికి మారారు.

ఆ హడావిడిలో అత్త రేకుపెట్టె తెరుద్దామంటే బీగంచెవి కనబడలేదు. రేణు ఇల్లంతా వెతికింది. గూళ్ళు, పరుపు కింద, బియ్యం డబ్బా... యాడా లేదు. "పోనీలే, ఆర్నెల్ల తరవాత చూసుకుందాం" అన్నాడు అనంతకుమార్. రేణు స్వెటర్ ఆ పెట్టెలోనే ఉండిపోయింది.

నీలం రంగు స్వెటర్. ఎండలు ముదరగానే అత్త దాన్ని ఉతికి, వేపాకు మధ్య మడతపెట్టి పెట్టెలో దాచేది. చలి మొదలైన రోజు తీసేది. రేణుది కంపెనీలో మొదటి షిఫ్టు. చీకటితోనే మలుపు అవతల బస్సు ఎక్కాలి. ఆమె లేచేసరికి రాగి అండాలో నీళ్ళు సలసలా కాగుతుండేవి. అండా పక్కన వెచ్చటి గట్టు మీద స్వెటర్ పరిచి ఉండేది. స్నానం చేసి వచ్చిన కోడలికి అత్తే దాన్ని తొడిగి, "పో, ఇంక చలి నిన్నేం జేస్తాదో చూస్తా" అనేది.

కన్నతల్లి కూడా రేణుని అలా చూసుకోలేదు. అలాంటి మనిషిని చూసి ఇప్పుడు భయపడాలా? భయం కన్నా ఆ సంగతే రేణుని ఎక్కువ ఏడిపించింది.

అయినా భయం భయమే. ఆ వారం చలి కొరికేసింది. నల్లా తిప్పితే నీళ్ళు సూదుల్లా గుచ్చుకునేవి. రొట్టె పెనం దిగకముందే చల్లారిపోయేది. గుర్రప్ప దగ్గు ముదిరింది. లోపల పడుకోమంటే వినడు, అరుగు మీదే కంబళి ముసుగుపెట్టి పడుకుంటాడు. రేణు రెండు చీరలు చుట్టుకుని, పళ్ళు కటకటలాడుతుంటే, రోజూ ఆ మలుపు దాటాలి. సోమవారం పొగ చూసింది. మంగళవారం చెంబు చప్పుడు వింది. బుధవారం... పరుగెత్తింది.

గురువారానికి వీధి పెద్దలు అనంతకుమార్‌ని నిలదీశారు. "మీ ఇంటి దెయ్యానికి మేమెందుకప్పా వణకాల?" అన్నారు. కృష్ణగిరి దగ్గర మునెప్ప అని ఒక మంత్రగాడున్నాడు. ఆదివారం వస్తాడు. నాలుగు మూలలా ఇనపమేకులు కొట్టి, లోపలున్నదాన్ని కట్టేస్తాడు. అనంతకుమార్ తల వంచుకుని సరేనన్నాడు. కన్నతల్లికి మేకులు కొట్టించడానికి ఒప్పుకున్న కొడుకు ఆ రాత్రి కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు.

గుర్రప్ప ఒక్కటే అడిగాడు. "కట్టేస్తే... అది యాడికి పోతుందిరా?"

అనంతకుమార్ కంచం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు.

రేణు ఆ రాత్రంతా అదే ఆలోచించింది. నిజంగా అత్తే అయితే, మేకులు పడేలోపల ఒక్కసారి చూడాలి. ఏం కావాలని తిరుగుతోందో అడగాలి. అడగకుండా మేకులు కొట్టనిస్తే, తను తిన్న ఆమె చేతి అన్నానికి అర్థమేముంది?

శుక్రవారం ధైర్యం చాలలేదు. శనివారం మామూలు కన్నా ముందే లేచింది. అరుగు మీద కంబళి ముసుగు కదలలేదు. మామ నిద్ర చెడకుండా చెప్పులు చేత్తో పట్టుకుని దిగింది.

మంచు... చాచిన చెయ్యి కనబడటం లేదు. కుక్కలు కూడా అరవడం లేదు.

మలుపు దగ్గర ఆగింది. తల ఎత్తి చూసింది.

పొగ ఉంది.

బస్సు దారి వదిలి పక్క సందులోకి తిరిగింది. గోడ పట్టుకుని ఒక్కో అడుగే వేసింది. సందు చివర బచ్చలింటి తలుపు. దగ్గరగా వేసి ఉంది. తలుపు కింద ఎర్రటి వెలుగు... వణుకుతోంది.

చెంబు నీళ్ళలో మునిగింది. నీళ్ళు రాతి మీద పడ్డాయి.

తరవాత... గుసగుస.

"వేడి చాలా?"

రేణు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ గొంతు ఆడదో, మగదో... ఉన్నవాళ్ళదో, పోయినవాళ్ళదో తెలియలేదు.

"కాలతా ఉందా?... ఉండు, చన్నీళ్ళు కలుపుతా... ఉండు..."

పారిపోదామనుకుంది. అయినా తలుపుకి ఇంకో అడుగు దగ్గరికి జరిగింది. ఎక్కడినుంచి వచ్చిందో ధైర్యం, సన్నగా పిలిచింది —

"అత్తమ్మా..."

లోపల చెంబు జారి రాతి మీద ఠంగుమంది. ఆ తరవాత ఏ చప్పుడూ లేదు.

రేణు కళ్ళు మూసుకుని తలుపు తోసింది.

తెల్లటి ఆవిరి మొహానికి కొట్టింది. ఆ ఆవిరిలో, పొయ్యి వెలుగుకి, నేల మీద గొంతుక్కూర్చున్న ఆకారం. తల మీద తువ్వాలు. మెల్లగా ఇటు తిరిగింది...

"మామా!"

గుర్రప్పే. కళ్ళు పొగకి ఎర్రబడి ఉన్నాయి. ఎదురుగా స్నానపు రాయి ఖాళీగా, తడిగా ఉంది. పక్కన చిన్న గిన్నెలో తడిపిన సీకాయ పొడి, ఒక పసుపుకొమ్ము. అద్దె ఇంటి అరుగు మీద కంబళి ముసుగులో ఉన్నది మామ కాదు, తలగడ అని రేణుకి అప్పుడు తెలిసింది.

"ఈ చలిలో... ఈడ ఏం జేస్తా ఉండావు మామా?"

"అరవొద్దమ్మా... ఎవురికీ చెప్పొద్దు." ముసలాయన చేతులు జోడించాడు. కోడలికి మామ చేతులు జోడించడం చూడలేక రేణు వాటిని పట్టుకుంది. ఆ చేతులు వెచ్చగా ఉన్నాయి.

"మీ యత్త అందరికీ వేడినీళ్ళు పోసింది" అన్నాడు. "నాకు, నీ మొగుడికి, నీకు. చలికి వణకతా దావన పోయే పూలోళ్ళకి గూడా పోసింది. అది పోయిన పొద్దు... వాన. బయట మూడు రాళ్ళు పెట్టినారు, కట్టెలు తడిసి అంటుకోలే. ఎత్తే టైము మీరిపోతా ఉందని పెద్దోళ్ళు తొందర పెట్టినారు. దానికి... దానికి చన్నీళ్ళు పోసేసినారమ్మా."

ఆయన తడి రాయి మీద చెయ్యి పెట్టాడు.

"ఒళ్ళు జివ్వుమనింటాది గదా తల్లీ?"

ఆ రోజు చెంబు పట్టిన ఆడవాళ్ళలో రేణూ ఉంది. ఆ నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో తన చేతులకి తెలుసు. పోయిన మనిషికి చలేమిటని అప్పుడెవరికీ తోచలేదు. ఈ ముసలాయన ఒక్కడికే తోచింది. నక్షత్రానికి భయపడకుండా, ఊరికి తెలియకుండా, దగ్గుతూ దగ్గుతూ వచ్చి ఖాళీ రాయికి నీళ్ళు పోస్తున్నాడు. రేణుకి దుఃఖం ఆగలేదు. గోడకి ఆనుకుని బావురుమంది.

కాసేపటికి ముక్కు చీదుకుని, కిందపడ్డ చెంబు తీసింది.

"లే మామా. ఆడోళ్ళకి ఆడోళ్ళే నీళ్ళు పొయ్యాల. నువ్వు బయట కూచో."

గుర్రప్ప లేచి బయటికి పోయాడు.

రేణు నీళ్ళు కలిపి, చేత్తో వేడి చూసి, రాయి మీద పోసింది. ఒక చెంబు... ఇంకో చెంబు. "చాలా అత్తమ్మా?" అని మెల్లగా అడిగింది. ఆవిరి లేస్తూ పెంకుల్లోకి పోయింది. అంతే.

మలుపు అవతల బస్సు హారన్ మోగింది. గబగబా లేచి తిరిగేసరికి, అండా పక్కన గట్టు మీద నీలం స్వెటర్. చక్కగా పరిచి ఉంది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది. 'నా చలి కూడా మామ కనిపెట్టాడే' అనుకుని, కళ్ళు తుడుచుకుంటూ తొడుక్కుని, బస్సుకి పరుగెత్తింది.

ఆదివారం మునెప్ప వచ్చాడు. ఇనపమేకులు, నిమ్మకాయలు, నల్లతాడు. వీధి వీధంతా మలుపులో నిలబడింది. అనంతకుమార్ కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డాడు. మునెప్ప మొదటి మేకు గడప మీద నిలబెట్టి సుత్తి ఎత్తాడు. గుర్రప్ప నోరు తెరవబోయాడు... రేణు ఆయనకి అడ్డంగా వచ్చి నిలబడింది. నిజం చెబితే, తండ్రి మతి చలించిందనుకుని ఆయన దగ్గరున్న ఇంటి బీగంచెవి కొడుకు లాక్కుంటాడని ఆమెకి తెలుసు.

"మేకులు కొట్టొద్దండా. ఆ పొయ్యి ముట్టించింది నేనే."

వీధంతా గోలెత్తింది. నంజమ్మ ముందుకొచ్చింది. "నక్షత్రం సంగతి తెలిసే చేసినావా? రేపు ఇంకొకరు పోతే ఎవురమ్మా దిక్కు?"

"అత్తమ్మకి చన్నీళ్ళు పోసి పంపించినాము నంజక్కా. నువ్వూ పోసినావు, నేనూ పోసినాను. ఆ పొద్దు నుంచి నాకు నిద్ర పట్టలేదు."

నంజమ్మ ఏదో అనబోయింది. తన కుడిచేతి వైపు చూసుకుంది. ఉన్నట్టుండి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఆ నోరు అలా మూతపడటం వీధి అంతకుముందు చూడలేదు. మునెప్ప మేకులు సంచిలో వేసుకున్నాడు. కొబ్బరికాయ మాత్రం వదల్లేదు.

సాయంత్రం చలి మళ్ళీ దిగింది. అనంతకుమార్ ఒక మూల ఏడ్చి ఏడ్చి పడుకున్నాడు. రేణు మామకి మిరియాల కషాయం తెచ్చి, అరుగు మీద పక్కన కూర్చుంది. స్వెటర్ చేతులు కిందికి లాక్కుంటూ నవ్వింది.

"పెట్టె ఎట్ల తెరిచినావు మామా? బీగంచెవి యాడ దొరికింది?"

గుర్రప్ప గ్లాసు కింద పెట్టాడు. "ఏ పెట్టె?"

"అత్తమ్మ పెట్టె. ఈ స్వెటర్ నువ్వే గదా తీసి గట్టు మీద పెట్టింది?"

ఆయన వంగి స్వెటర్ వైపు చూశాడు.

"నువ్వు ఆ బీగంచెవి ఎతకతా ఉంటే చెప్పలేకపోయినానమ్మా... దాని పెట్టె అది ఎవురినీ ముట్టనియ్యలేదు ఎప్పుడూ. మట్టి పొయ్యకముందు, నేనే ఆ బీగంచెవిని దాని గుప్పిట్లో పెట్టి మూసినా."

"మరి పెట్టె..."

"బీగం వేసింది వేసినట్టే ఉండాది. ఈ పొద్దు గూడా చూసినా."

దూరాన వీధి మలుపు మంచులో మునిగిపోతోంది. రేణు స్వెటర్ అంచు ముక్కు దగ్గర పెట్టుకుంది. వేపాకు వాసన... దాని వెనక సన్నగా కట్టెల పొగ వాసన. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ, ఆశ్చర్యం, భయం వెయ్యలేదు.

లోపల భర్తకి వినబడకుండా, మామ చెవి దగ్గర అంది —

"రేపు నీళ్ళు కొంచెం ఎక్కువ కాగబెడదాము మామా."