పూసిన చెట్టు కోసం

"ఆ దారం తీసేస్తేనే లోపలికి రండి," అంది రలిత్సా, ల్యాబ్ తలుపుకి అడ్డంగా నిలబడి.

కలోయన్ మణికట్టు వంక చూసుకున్నాడు. మార్చి ఒకటిన ఊరంతా కట్టుకునే ఎర్ర, తెల్ల ఉన్నిదారాలు కలిపి పేనిన తాడు.

"కుదరదండీ. పూసిన చెట్టు కంటపడ్డాకే తీసి, దాని కొమ్మకి కట్టాలి."

"దుమ్ముపట్టిన ఉన్నితో నా చర్మం మీద చెయ్యి వేస్తారా?"

"మీ చర్మం మీదా?"

"డిష్‌లోదాని మీద!" రలిత్సా చెవులు ఎర్రబడ్డాయి.

కాలిన గాయాలకు అతికించేందుకు ఇరవై నాలుగు రోజులుగా కణాలతో పెంచుతున్న చర్మం అది. నాలుగింటిలోగా పాత ద్రవం తీసి కొత్తది పొయ్యకపోతే చచ్చిపోతుంది. ఆమెకేమో మంచుమీద జారిపడి కుడిచేతికి పిండికట్టు. అందుకే ప్రొఫెసరుగారు పక్క ల్యాబ్‌లో కణాలచేత మందులు తయారుచేయించే ఇతన్ని పంపారు. పంపక పంపక ఇలాంటివాణ్ణి!

"సైంటిస్టయ్యుండి ఇవన్నీ నమ్ముతారా?"

"నేను నమ్మను. మా అమ్మమ్మ నమ్ముతుంది. ఎల్లుండి సోమవారం ఆవిడకి గుండె ఆపరేషన్. తన చేత్తోనే కట్టింది."

రలిత్సా గడియారం వంక చూసింది. టైము రెండైంది. ఎడమచేత్తో కోటు అందుకుంది.

"పదండి, చెట్టు వెతుకుదాం."

మరిత్సా నది ఒడ్డున అన్నీ మోడులే. పైగా సన్నటి వాన.

"ఆ కిటికీలో జెరానియం పూసిందండోయ్!"

"కుండీలోది చెట్టేమిటి? అమ్మమ్మని మోసం చేస్తారా?"

అతను నవ్వాడు. ఆ నవ్వు బాగుందనిపించి, అలా అనిపించినందుకు ఆమెకు తనమీద తనకే ఒళ్ళుమండింది.

మూడవుతుండగా ఆమె చటుక్కున ఆగిపోయింది. "కణాలు ఎక్కడ పెరుగుతాయి?"

"వెచ్చగా ఉన్నచోట."

"మరి ఈ చలిలో ఊరంతా తిరుగుతున్నామేం! ఆసుపత్రి లాండ్రీ వెనక గోడకి రోజంతా ఆవిరి కొడుతుంది."

పరుగెత్తారు. గోడవారన ప్లమ్ చెట్టు. ఒక్క కొమ్మ మాత్రం నిండా పూసింది.

అమ్మమ్మ వేసిన ముడి అతని ఒక్కచేతికి లొంగలేదు. ఆమె ఎడమచెయ్యి సాయం పట్టింది. చిన్న ముడే. విప్పడానికి మాత్రం ఇద్దరూ తొందరపడలేదు. దారాన్ని కొమ్మకి కట్టాక మళ్ళీ పరుగు.

నాలుగింటికి ఐదు నిమిషాలుండగా ఆఖరి డిష్ ఇన్‌క్యుబేటర్‌లోకి వెళ్ళింది.

"మీ కట్టు విప్పేదాకా రోజూ నేనే వస్తాను," అన్నాడు కలోయన్.

"సోమవారం రావద్దు."

అతని ముఖం చిన్నబోయింది.

"సోమవారం వీటికి ద్రవం ప్రొఫెసరుగారే మారుస్తారు. నేను ఆసుపత్రికొస్తాను. మీ పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలిగా."

"అమ్మమ్మకి మిమ్మల్ని ఎవరని చెప్పమంటారు?"

"చెట్టు చూపించిన పిల్ల అని చెప్పండి. మిగతాది ఆవిడే అర్థం చేసుకుంటుంది."