ఒడెస్సా తీయించిన మాట

ఆ ఆదివారం ఒడెస్సా చర్చికి వెళ్ళలేదు! క్లీవ్‌లాండ్‌లో ఆ వీధివాళ్ళకి ఇంతకన్నా వింత ఇంకోటి లేదు. భర్త పోయిన వారం కూడా నల్లగౌను వేసుకుని ముందు వరసలో కూర్చున్న మనిషి... ఇవాళ వంటింట్లో కర్టెన్లు మూసుకుని, చల్లారిన కాఫీ ముందు పెట్టుకుని కూర్చుంది. ఫోను మోగుతూనే ఉంది. చర్చిలో పక్కన కూర్చునే స్నేహితురాలు ఐడెల్లాయే అయివుంటుంది. ఎత్తి ఏం చెప్పాలి? ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

నిన్న మధ్యాహ్నం ఐడెల్లాని వెంటబెట్టుకుని కొడుకు నాటకానికి మహా గొప్పగా వెళ్ళింది. థాడియస్ రాసిందే, థాడియస్ ఆడేదే. స్టేజీ మీద వాడూ, ఒక కుర్చీ, అంతే. అన్ని వేషాలూ వాడివే. తల్లి వేషం రాగానే నీలం టోపీ పెట్టుకున్నాడు. అది ఒడెస్సా టోపీయే! బీరువాలోంచి మాయమైతే ఇన్నాళ్ళూ పక్కింటావిణ్ణి అనుమానించింది పాపం. ఆ నడక, చేతిసంచీ చంకలో ఇరికించుకోవడం, మాటకి ముందు ముక్కు ఎగబీల్చడం... అచ్చం తనే! హాలంతా నవ్వుతుంటే తనూ కడుపు పట్టుకుని నవ్వింది. అంతలో థాడియస్ గొంతు మార్చి, ఇంకో ఆడమనిషిలా తల్లిని అడిగాడు.

"ఏమ్మా, ఆ తాగుబోతు వేషం వేసింది మీ అబ్బాయేనా?"

నీలం టోపీ తల దించుకుంది. "మా అబ్బాయా! కాదమ్మా. వాడెవడో నాకు తెలీదు."

ఒడెస్సా నవ్వు ఆగిపోయింది. పదేళ్ళ కిందట లైబ్రరీ హాలు గుమ్మంలో తను అన్న మాట అది! అడిగింది ఈ ఐడెల్లాయే! తండ్రి పట్టుబట్టి వేయించిన పోస్టాఫీసు ఉద్యోగం వదిలేసి, వాడు అక్కడి నాటకంలో చిరుగుల కోటుతో నేలమీద పాకుతుంటే సిగ్గుతో చచ్చిపోయి అనేసింది. మొహాన రంగుతో వాడు తలుపు వెనకే నిలబడి విన్నాడని నిన్నటిదాకా తెలీదు. వారం తిరక్కుండా న్యూయార్క్ బస్సు ఎందుకెక్కాడో కూడా తెలీదు. పక్క సీట్లో ఐడెల్లా మెల్లగా తలతిప్పి తనవైపు చూసింది. ఒడెస్సా ఆట ముగియకుండానే లేచి వచ్చేసింది.

సోమవారం నాటకాలవాళ్ళకి సెలవు. థాడియస్, భార్య రొమైన్ వచ్చారు. పీచ్ పండ్లు పెట్టి కాల్చిన తీపి రొట్టె ముక్కలు కోసి ప్లేట్లలో పెడుతూ ఒడెస్సా అనేసింది.

"ఆ మాట తీసెయ్ రా."

"అబద్ధం రాశానా అమ్మా?"

"నిజం కాబట్టే తీసెయ్యమంటున్నాను! ఈ ఊళ్ళో నేను తలెత్తుకు తిరగొద్దా?"

రొమైన్‌కి కళ్ళనీళ్ళు తిరిగాయి. "అత్తయ్యా! ఈయన హోటళ్ళలో ఎంగిలి ప్లేట్లు ఎత్తారు. ఎవరూ వేషం ఇవ్వకపోతే తన వేషాలు తనే రాసుకున్నారు. ఏడు ఊళ్ళలో ఆడారు. ఆ ఒక్క మాట రాయడానికి మాత్రం పదేళ్ళు పట్టింది..."

"నువ్వూరుకో రొమైన్," అన్నాడు థాడియస్. "గురువారం పత్రికలవాళ్ళు వస్తారమ్మా. బుధవారం రాత్రిదాకా మార్పులు నా చేతిలో ఉంటాయి. ఆ తర్వాత ఒక్క అక్షరం కదపకూడదు, అది మా కట్టుబాటు. తీసేస్తాలే." కోటు జేబులోంచి నాటకం ప్రతి తీసి, అక్కడే, ప్లేటు పక్కనే పెట్టుకుని ఆ పేజీ కొట్టేశాడు. తన ముక్క మాత్రం సగమే తిన్నాడు. గెలిచానని ఒడెస్సాకి ఎందుకో అనిపించలేదు.

బుధవారం మధ్యాహ్నం ఆటకి వెళ్ళి వెనక వరసలో కూర్చుంది. ఐడెల్లా వచ్చి, పిలవకపోయినా పక్కనే కూర్చుంది. ఆట సాగింది. నీలం టోపీ నవ్వించింది, వండింది, ప్రార్థన చేసింది. ఆ తర్వాత కొడుకు చెప్పాపెట్టకుండా బస్సెక్కి ఏడ్చాడు. ఎందుకెక్కాడో అంతుపట్టక జనం దగ్గారు, కాళ్ళు కదిలించారు.

ఆట అయ్యాక చూసినవాళ్ళతో మాట్లాడటం అక్కడ అలవాటు. థాడియస్ చెమటతో, టోపీ చేత్తో పట్టుకుని స్టేజీ అంచున కూర్చున్నాడు. ఓ పెద్దాయన లేచాడు. "అంత బంగారంలాంటి తల్లిని వదిలి ఆ కుర్రాడు ఎందుకు పోయాడయ్యా? ఒట్టి విశ్వాసం లేనివాడిలా ఉన్నాడే!"

థాడియస్ టోపీ వైపు చూసుకున్నాడు. "అవునండీ... తప్పు ఆ కొడుకుదే."

ఒడెస్సా గుండె కలుక్కుమంది. అమ్మ కోసం నా బిడ్డ నలుగురిలో తిట్లు తింటున్నాడు! ఎలా లేచిందో తనకే తెలీదు.

"తప్పు వాడిది కాదు!" ముందు సీటు పట్టుకుంది. "ఆ టోపీ నాది. ఆ తల్లిని నేనే. వేషంలో ఉన్న నా కొడుకుని చూసి, వాడెవడో నాకు తెలీదన్నాను! ఆ మాట ఇందులో ఉండేది. సిగ్గుపడి నేనే తీయించాను..." పక్కకి తిరిగింది. "ఐడెల్లా, ఆ రోజు నువ్వడిగావు. ఇప్పుడు చెబుతున్నా. వాడు మా అబ్బాయే!"

ఐడెల్లా కళ్ళు తుడుచుకుంది. "నాకా రోజే తెలుసే పిచ్చిదానా! ఆ ముక్కు నీదేగా! అంత బాగా చేశాడు కదా... నీ నోటితో గొప్పగా చెబుతావనే అడిగాను."

ఒడెస్సా మొహం చేతుల్లో దాచుకుంది. పదేళ్ళుగా ఎవరికి భయపడిందో, ఆ మనిషి తన కొడుకుని మెచ్చుకోవడానికే అడిగింది! తనే... కన్నతల్లే... సిగ్గుపడింది.

థాడియస్ దిగి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "పోనీలేమ్మా."

"ఇంకా టైముందా?"

"ఈ రాత్రివరకూ ఉంది."

"అయితే ఆ మాట మళ్ళీ పెట్టు." ఒడెస్సా వాడి చేతిలోని టోపీ తీసుకుని, దుమ్ము దులిపి, వాడి తలమీద పెట్టింది. "కానీ శనివారం నువ్వు ఆ మాటంటూ తల దించుకున్నావు. నామీద జాలిపడ్డావురా. నేను దించుకోలేదు నాన్నా... తలెత్తుకునే అన్నాను. అలాగే ఆడు."