పసుపు పెన్సిల్ బాణం

"ఎవరప్పా నా ఫిల్ములు ముట్టుకునేది?"

రూపేష్ చేతిలోని సీటీ ఫిల్ము జారబోయి ఆగింది. గుమ్మంలో తెల్లకోటు, వానకు తడిసిన జడ, ముక్కు మీద కోపం. తిరుపతిలోని ఆ పెద్దాసుపత్రిలో స్కానింగ్ విభాగంలో పీజీ చేస్తున్న డాక్టర్ మహితతో అతని పరిచయం తిట్లతోనే మొదలైంది.

"ఎం.టెక్ ప్రాజెక్టు మేడమ్. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఏ రకమో ఫిల్ము చూసి కంప్యూటరే చెప్పేటట్టు నేర్పిస్తా ఉండాను. పర్మిషన్ ఉండాది."

"అదే చెప్పేస్తే ఇంక నేనెందుకు? కార్వేటినగరం పోయి మా మామిడితోట చూసుకుంటా."

అన్నదే గానీ తోటకు పోలేదు. మర్నాడే పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఒక రకానికి ఆపరేషన్ చేయాలని, రెండోదానికి కత్తి పెట్టకుండా వెంటనే మందులు మొదలుపెట్టాలని, ఫిల్ములో మాత్రం రెండూ ఒకేలా కనిపించి డాక్టర్లనే ఏడిపిస్తాయని చెప్పింది. గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకు పంపితే రిపోర్టు వచ్చేదాకా రోగి ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చోవాల్సిందే.

రిపోర్టులు తెలిసిన పాత ఫిల్ముల్లో కొన్ని పక్కన పెట్టి, మిగతావన్నీ స్కాన్ చేసి రూపేష్ కంప్యూటర్‌కు చూపించాడు. పక్కన పెట్టినవి ఇచ్చినా అది దాదాపు అన్నీ సరిగ్గా చెప్పేసింది. సోమవారమే సెమినార్. అది గట్టెక్కితే డిగ్రీ వచ్చినట్టే. కానీ ఆ తర్వాత ఈ గదికి రావడానికి ఏ సాకూ ఉండదు.

శనివారం మధ్యాహ్నం బయట వాన దంచుతోంది. మహిత కొత్త ఫిల్ము తెచ్చింది.

"పూతలపట్టు చెంగమ్మది. రిపోర్టు ఇప్పుడే వచ్చినాది, మందుల రకం. నీ కంప్యూటర్ ఏమంటాదో సూడు."

ఆపరేషన్ రకం అంది కంప్యూటర్.

"ఎందుకిట్లయింది? బాగానే చెప్తా ఉండె కదా!" రూపేష్ ముఖం పాలిపోయింది.

మహిత పాత ఫిల్ములు లైటు ముందు పెట్టి చూసింది. ఉన్నట్టుండి నాలుక కరుచుకుంది. మందుల రకమని తేలిన ప్రతి ఫిల్ము మీదా గడ్డ పక్కన పసుపు పెన్సిల్‌తో చిన్న బాణం గీయడం ఆమె అలవాటు. వార్డువాళ్లు వెంటనే గుర్తుపట్టాలని. చెంగమ్మ ఫిల్ము మీద ఇంకా గీయలేదు.

ఇప్పుడు గీసి మళ్లీ స్కాన్ చేయించింది. మందుల రకం అంది కంప్యూటర్. స్పిరిట్ దూదితో బాణం తుడిచేసి ఇంకోసారి చూపించింది. ఆపరేషన్ రకం అంది.

"ఇది గడ్డను చూడలేదు రూపేష్. నా బాణాన్ని చూసినాది."

"దీన్ని నమ్ముంటే చెంగమ్మను అనవసరంగా కోసుండే వాళ్లు."

"మీ గైడ్ సారుకు చెప్తే సెమినార్ పోతాది కదా?" ఆమె గొంతులో దిగులు దాగలేదు.

"పోనీండి."

అప్పటికప్పుడే గైడ్ కృష్ణమూర్తి సారుకు ఫోన్ చేశాడు. ఆయన కడుపునిండా తిట్టి, చివరికి మెత్తబడ్డాడు. "ఇప్పుడన్నా పట్టుకున్నావు. అన్నీ తుడిచి మొదటినించి చెయ్. ఆర్నెల్లు టైమిస్తా."

ఫోన్ పెట్టేసిన రూపేష్ పెదాల మీద నవ్వు చూసి మహిత విస్తుపోయింది.

"సెమినార్ పోతే నవ్వుతా ఉండావే?"

"ఇంకో ఆర్నెల్లు ఈడికే రావాల గదా." ఒక్క క్షణం తటపటాయించాడు. "కంప్యూటర్‌ది తప్పు గాదు మేడమ్. దానికి నేర్పించింది నేను. వచ్చిన రోజునించీ నేను చూస్తా ఉండేది కూడా ఫిల్ముల్ని గాదు."

మహిత చెవుల దాకా ఎర్రబడిన ముఖాన్ని కిటికీ వైపు తిప్పుకుని వానను చూసింది. తర్వాత దూదిని రెండుగా తుంచి, ఒకటి స్పిరిట్‌లో ముంచి అతని చేతిలో పెట్టింది.

"ముందు తుడువు. ఆ మేడమ్ అనేది కూడా మానుకో."

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని పాత బాణాలు చెరపసాగారు. కాసేపటికి తలెత్తకుండానే ఆమె అంది.

"రేపు మా నాయన వస్తాడు, నిన్ను పరిచయం చేస్తా. ఆయన ముందైనా కాస్త ఫిల్ములు సూడు."